బుల్లెట్టును నమ్మవచ్చునా?

ఇరవై ఏళ్ళకు పైగా బుల్లెట్టు మోటారు సైకిలు నడిపినవారిని ఇద్దరిని ఒకచోట కూర్చోబెట్టండి. పది నిమిషాలు గడవకముందే వాదన మొదలవుతుంది. "ఇంత నమ్మకమైన బండి మన దేశంలో మరొకటి పుట్టలేదు" అంటారు ఒకరు. "ఇంతగా ప్రాణం తీసిన బండి కూడా మరొకటి పుట్టలేదు" అంటారు రెండవవారు. ఆయిలు కారడం దగ్గర ప్రారంభమైన మాట గేరుబాక్సుకు, అక్కడినుంచి విడిభాగాల నాణ్యతకు, అక్కడినుంచి కంపెనీ చేతులు మారిన తీరుకు పాకుతుంది. ఇద్దరూ తమ అనుభవాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడుతున్నట్లు తోచదు. చిత్రమేమంటే, "మరి అమ్మివేస్తారా?" అని అడిగితే మాత్రం ఇద్దరిదీ ఒకే సమాధానం. అమ్మరు.

వినోదానికి ఈ వాదన బాగానే ఉంటుంది. కాని బండి కొనదలచిన వాడికి వినోదంతో పని లేదు. ఇవాళ కొత్త బుల్లెట్టు కొనాలంటే లక్షన్నర రూపాయలకు పైగా పెట్టాలి. చాలామంది ఆ డబ్బు అప్పు చేసి తెస్తున్నారు. కొనబోయేవాడు ముందుగా సలహా అడిగేది ఆ బండిని ఏళ్ళ తరబడి వాడినవారినే. వారి మాటలో ఎంతవరకు బండి గుణం ఉన్నది, ఎంతవరకు వారి గుణం ఉన్నది? దీనిని తేల్చుకోవాలంటే ముందు ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి.

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో ఎన్ఫీల్డ్ సైకిల్ కంపెనీ 1901లో మొదటి మోటారు సైకిలును తయారు చేసింది. అంతకుముందు ఆ సంస్థ ఎన్ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధాల కర్మాగారానికి తుపాకుల భాగాలు సరఫరా చేసేది. బండి పేరులోని 'రాయల్ ఎన్ఫీల్డ్' ఆ సంబంధం నుంచి వచ్చినదే. 'తుపాకి వలె తయారైనది' అని వారు ప్రకటనల్లో చెప్పుకునేవారు. తుపాకి కంపెనీ బండికి తూటా పేరు పెట్టడం సహజమే గదా! 1932 నుంచి 'బుల్లెట్' అన్న పేరు వాడుకలో ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన సైన్యానికి సరిహద్దుల గస్తీ కోసం దృఢమైన మోటారు సైకిళ్ళు అవసరమైనవి. బుల్లెట్టును ఎంచుకున్నారు. ఆ ఆర్డర్ల పుణ్యమా అని 1955లో రెడ్డిచ్ కంపెనీ, మద్రాసు మోటార్స్ కలిసి ఎన్ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించాయి. ఉత్తర మద్రాసులోని తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. తొలుత విడిభాగాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. ఇక్కడ కూర్పు మాత్రమే జరిగేది. క్రమంగా యంత్రసామగ్రి కూడా వచ్చింది. 1960ల ఆరంభానికి మొత్తం బండి ఇక్కడే తయారు కాసాగింది.

ఇక్కడ జరిగిన విచిత్రాన్ని గమనించాలి. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ పేరుతో మోటారు సైకిలు తయారు కావడమే ఆగిపోయింది. తల్లి పోయింది; పిల్ల మాత్రం సముద్రతీరాన తిరువొత్తియూరులో అదే ముఖంతో, అదే గొంతుతో బ్రతుకుతూ వచ్చింది. 1977లో ఆ పిల్ల ఎగుమతై తిరిగి ఇంగ్లండుకే వెళ్ళింది. 1950ల నాటి బండి 1980లలో కొత్తగా కొనుక్కోవచ్చునని తెలిసి అక్కడి ముసలివారు ముచ్చటపడ్డారు. ముచ్చటపడినవారు దానితోబాటు 1950ల నాటి శ్రమ కూడా వస్తుందని గ్రహించడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఆ శ్రమ ఏమిటి? పాత బుల్లెట్టు ఇంజను 346 సి.సి. ఒకే సిలిండరు. పిస్టను వ్యాసం 70 మిల్లీమీటర్లు. అది పైకీ క్రిందికీ ప్రయాణించే దూరం 90 మిల్లీమీటర్లు. అంటే వెడల్పు కన్న ఎత్తు ఎక్కువ. లోపల బరువైన ఇనుప చక్రాలు తిరుగుతుంటాయి. ఇటువంటి ఇంజను తొందరపడదు. ఎద్దు నడకలా నిదానంగా, బలంగా లాగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా గేరు మార్చవలసిన అవసరం అంతగా ఉండదు. ఆ 'డుగ్ డుగ్' శబ్దం ఈ నిదానం నుంచి పుట్టినదే. ఒక పెద్ద పిస్టను ఒంటరిగా ఎగిరిపడుతూంటే దానిని సరితూచేందుకు జతగా మరొకటి లేదు గనుక బండి అంతా అదురుతుంది. ఆ అదురుకు నట్లు, బోల్టులు వదులవుతాయి. ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలో కాక వేరు వేరుగా ఉండి, మధ్యలో మరో పెట్టెలోని గొలుసు వాటిని కలుపుతుంది. పెట్టెలు పెరిగిన కొద్దీ అతుకులు పెరుగుతాయి. అతుకు ఉన్నచోటల్లా ప్యాకింగు ఉంటుంది. ప్యాకింగు పాతబడిన చోటల్లా ఆయిలు కారుతుంది. బుల్లెట్టు నిలిపిన చోట నేల మీద మచ్చ పడకపోతే లోపల ఆయిలే లేదని అర్థం అనే హాస్యోక్తి ఆ రోజుల్లో పుట్టింది.

స్టార్టు చేయడం ఒక పూజావిధానం. తాళం తిప్పాలి. కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు పైనున్న ఆమ్మీటరు ముల్లును చూడాలి. ముల్లు మధ్యకు వచ్చినప్పుడు ఆపాలి. ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషను మీటను నొక్కి, కిక్కును ఇంకొక పిసరు దించి, మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్కసారి తన్నాలి. విధానం తెలిసినవాడికి మొదటి తన్నుకే ఇంజను పలుకుతుంది. తెలియనివాడిని అది తిరిగి తంతుంది. ఆ 'బ్యాక్ కిక్'కు మోకాలి చిప్పలు పట్టుకుని కూలబడ్డవారు ఎందరో! పైగా గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఇంకొక బండికి అలవాటు పడ్డవాడు ఎక్కితే, ఆపబోయి గేరు మార్చేవాడు.

ఇంతటి బండిని ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు ఎలా వాడారు? దీనికి జవాబు నాకు ఒక నోటు పుస్తకంలో దొరికింది.

విజయవాడలో పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి వద్ద 1970ల చివర కొన్న బుల్లెట్టు ఉన్నది. ఆయన వాదనలో మొదటి పక్షం మనిషి. "దారిలో ఈ బండి నన్ను ఏనాడూ దింపలేదు. కావలసివస్తే చూసుకోండి" అంటూ అట్ట చిరిగిన పాత పద్దుల పుస్తకం ఒకటి నా ముందు పెట్టారు. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, మార్చిన సామాను, పెట్టిన ఖర్చు. బండి కొన్ననాటి నుంచి వరుసగా ఉన్నాయి. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. 'దారిలో ఆగినది' అన్న పద్దు ఎంతో అరుదు. పంక్చర్లు మినహాయిస్తే వేళ్ళ మీద లెక్కించవచ్చు. కాని పేజీలు తిప్పుతున్న కొద్దీ మరొక నిజం కూడా కనిపించసాగింది. దాదాపు ప్రతి నెలలోనూ ఏదో ఒక ఆదివారం తేదీ ఉన్నది. పాయింట్లు గీకి సందు సరిచేయడం, టాపెట్లు చూడడం, గొలుసు బిగువు, క్లచ్ కేబులుకు ఆయిలు, బ్యాటరీలో నీళ్ళు, నట్లన్నీ తిరిగి బిగించడం. బండి దారిలో ఆగలేదు. ఎందుకంటే ఆయనే దానిని ఇంటిదగ్గర ఆపుతూ వచ్చారు.

వారి శ్రీమతి కాఫీ తెచ్చి ఇస్తూ, "ఆదివారం పూట వీరిని భోజనానికి పిలవాలంటే కిరసనాయిలు వాసన వెంట వెళ్ళేదాన్నండీ" అన్నారు. "ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాం. వాటిల్లో కూడా ఆయన ఇంత శ్రద్ధగా పద్దు రాయలేదు."

టాపెట్లు చూడడం ఎలాగో ఆయన నాకు చేసి చూపించారు. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. పక్కనున్న చిన్న మూత తీస్తే రెండు సన్నని కడ్డీలు కనిపిస్తాయి. పిస్టను శిఖరానికి చేరినప్పుడు ఒక్కొక్క కడ్డీని రెండు వేళ్ళతో పట్టి తిప్పి చూడాలి. తేలికగా తిరగాలి; అయితే పైకీ క్రిందికీ కదలకూడదు. కొలిచే పరికరం ఏదీ లేదు. ఎంత తేలికగా తిరిగితే సరి అన్నది ఆ వేళ్ళకే తెలియాలి. ఆ తెలివి పుస్తకంలో దొరకదు. ఒకరి వేళ్ళనుంచి ఇంకొకరి వేళ్ళకు రావలసినదే.

అనువాదం నా వృత్తి కావడం వలన కాబోలు, ఈ వాదన విన్నప్పుడల్లా నా మనస్సు బండిని వదిలి మాటల మీదికి పోతుంది. ఇంగ్లీషులోని 'రిలయబిలిటీ' అన్న మాటను తెలుగులో మనం 'నమ్మకం' అంటాం; మరీ పట్టుబడితే 'విశ్వసనీయత' అంటాం. కాని ఇంజనీర్లు ఆ మాటకు చెప్పే అర్థం వేరు. ఒక యంత్రం, ఫలానా పరిస్థితుల్లో, ఫలానా కాలం పాటు, చెడిపోకుండా పనిచేసే సంభావ్యత ఎంత అన్నదే వారి 'రిలయబిలిటీ'. అందులో యజమాని ఊసు లేదు. అది లెక్కకు లొంగేది. మన 'నమ్మకం' అటువంటిది కాదు. నమ్మకమైన పాలేరు, నమ్మకమైన బావి, నమ్మకమైన బండి అని మనం ఒకే నోటితో అంటాం. అందులో నమ్మేవాడు కూడా ఒక భాగం. వేసవిలో పూడిక తీసినవాడికే ఆ బావి నమ్మకమైనది.

ఇంజనీర్లు మరి రెండు మాటలను కూడా వేరుగా వాడతారు. ఒకటి మన్నిక: వస్తువు మొత్తం మీద ఎన్నేళ్ళు బ్రతుకుతుంది? రెండవది మరమ్మతుకు అనువు: చెడిపోయినప్పుడు ఎంత త్వరగా, ఎంత తేలికగా, ఎవరి చేత బాగుపడుతుంది? పాత బుల్లెట్టు గురించి చెప్పుకునే పొగడ్తలను ఈ మూడు గంపల్లో వేరు చేసి చూడండి. ఎక్కువ భాగం మూడవ గంపలో పడతాయి. "నడిరోడ్డు మీద ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు ఉంటే చాలు, బాగుచేసుకోవచ్చు." "ఏ పల్లెటూరిలోనైనా మెకానిక్కు దొరుకుతాడు." "సిలిండరు అరిగితే రీబోరు చేయించి పెద్ద సైజు పిస్టను వేసుకోవచ్చు." ఇవన్నీ గొప్ప సుగుణాలే. కాని ఇవి చెడిపోని బండిని గురించిన మాటలు కావు. చెడిపోతే బాగయ్యే బండిని గురించిన మాటలు. రెండవ పక్షంవారి ఫిర్యాదులన్నీ మొదటి గంపలోవి. ఒకరు నమ్మకాన్ని గురించి మాట్లాడుతుంటే మరొకరు 'రిలయబిలిటీ'ని గురించి మాట్లాడుతున్నారు. ఇక వాదన ఎలా తెగుతుంది?

1980ల మధ్య వరకు ఈ తేడా ఎవరికీ పట్టలేదు. పోల్చి చూసుకోవడానికి వేరే బండ్లు లేవు గనుక. మైసూరులో 1961 నుంచి తయారైన జావా, తరువాత యెజ్డి ఉండేవి. పోలండు నమూనా మీద ఎస్కార్ట్స్ వారు చేసిన రాజ్‌దూత్ ఉండేది. వాటికీ ఆదివారం సేవ తప్పేది కాదు. లైసెన్సుల రోజులు. బండి దొరకడమే భాగ్యమనుకునే కాలంలో దాని గుణదోషాలను ఎంచేదెవరు?

1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చింది. అదే కాలంలో యమహా ఆర్.ఎక్స్. 100, సుజుకీ వారి వంద సి.సి. బండి కూడా వచ్చాయి. హీరో హోండా ప్రకటన ఒకటి దేశమంతటా మారుమ్రోగింది: పెట్రోలు పోయండి, మూత బిగించండి, మరిచిపొండి. ఆ మూడవ మాటలోనే విప్లవమున్నది. మరచిపోగలిగిన యంత్రం! గుమాస్తాకు, పాలవాడికి, బడిపంతులుకు ఆదివారం తిరిగి వచ్చింది. అప్పటినుంచి మన దేశంలో సామాన్యుడికి 'నమ్మకమైన బండి' అన్న మాటకు అర్థమే మారిపోయింది. బుల్లెట్టు సైన్యానికి, పోలీసులకు, పెద్ద భూస్వాములకు, మక్కువగలవారికి మిగిలింది. 1990ల ఆరంభంలో డీజిలు బుల్లెట్టు కూడా తెచ్చారు. నడక నత్తనడకే అయినా పొదుపులో దానికి సాటి లేదని వాడిన రైతులు ఇప్పటికీ చెబుతారు. అయినా కంపెనీ నిలదొక్కుకోలేదు. 1994లో ఐషర్ సంస్థ చేతికి వచ్చింది. 2000 నాటికి నెలకు ఆరు వేల బండ్లు చేయగల చోట రెండు వేలు అమ్ముడుపోవడం గగనమై, ఆ వ్యాపారాన్నే మూసివేయాలన్న ఆలోచన దాకా పోయింది.

పాతవారి సాక్ష్యాన్ని తూచేటప్పుడు రెండు విషయాలు మరువరాదు. ఊళ్ళో నూరేళ్ళ నాటి మిద్దె ఒకటి చెక్కుచెదరకుండా నిలిచి ఉంటే, ఆ కాలపు మేస్త్రీలందరూ ఘనులని అనుకుంటాం. అదే ఏడు కట్టి, అదే ఏడు కూలిన ఇళ్ళు మన కంటికి కనబడవు. ఇవాళ మన ఎదుట మెరుస్తున్న 1975 నాటి బుల్లెట్టు శ్రద్ధగల యజమాని చేతిలో పడి బ్రతికినది. అశ్రద్ధవల్ల, దురదృష్టంవల్ల చెడినవి ఏనాడో పాత ఇనుప సామాను కొట్టుకు పోయాయి. వాటి యజమానులు ఈ వాదనకు రారు. వచ్చేవారందరూ గెలిచినవారే.

రెండవది డూప్లికేటు సామాను. ఢిల్లీ కరోల్‌బాగ్, మద్రాసు పుదుపేట, హైదరాబాదు పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బండికి కావలసిన ఏ భాగమైనా దొరుకుతుందన్నది ఎంత నిజమో, ఆ దొరికినదంతా ఒక్క తీరుగా ఉండదన్నదీ అంతే నిజం. చూడడానికి ఒకే పెట్టె, ఒకే రంగు ముద్ర. ధరలో సగం తేడా. సగం ధర క్లచ్ ప్లేట్లు వేసుకుని, అవి నాలుగు నెలలకే కాలిపోతే, తిట్లు తినేది బండి. పదేళ్ళు గడిచిన బండిలో ఎన్ని భాగాలు ఫ్యాక్టరీవి, ఎన్ని బజారువి? యజమానికే తెలియని సంగతిని మనం ఎలా లెక్కగడతాం? నోటు పుస్తకం రాసుకున్నవాడు ఒకడుంటే, రాసుకోనివారు నూరుగురు. "లక్ష కిలోమీటర్లు తిరిగింది" అన్న మాట విన్నప్పుడు మీటరు కేబులు ఏనాడు తెగిందో కూడా అడగడం మంచిది.

ఈ శతాబ్దంలో బుల్లెట్టు లోపలి మనిషి మారాడు. ముందుగా ఇనుము బదులు అల్యూమినియం ఇంజను వచ్చింది. గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి మారాయి. బటను నొక్కితే స్టార్టయ్యే సౌకర్యం వచ్చింది. 2008, 2009 సంవత్సరాల్లో ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలో కూర్చిన కొత్త నమూనా వచ్చి, పొగ నిబంధనల దెబ్బకు 2010 ప్రాంతంలో పాత ఇనుప ఇంజను తయారీ ఆగిపోయింది. అతుకులు తగ్గాయి, ఆయిలు మచ్చ తగ్గింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజి ఆరు నిబంధనలతో కార్బొరేటరుకు కూడా నూకలు చెల్లాయి. పెట్రోలును కొలిచి చిమ్మే పని ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరుది. అదే ఏడాది మీటియరుతో మొదలైన సరికొత్త ఇంజను 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్టుకు వచ్చింది. అదురును సరితూచే ఏర్పాటు ఇందులో ఉన్నది. కిక్కు రాడ్డు లేదు.

పాత యజమానుల మనోవేదన చూడాలి. "శబ్దం చచ్చిపోయింది" అన్నది మొదటి మాట. "రేకు పలచబడింది, పూతలో మునుపటి దళసరి లేదు" అన్నది రెండవది. "దారిలో ఆగితే మనం చేయగలిగేది ఏముంది? ఫోను చేసి కూర్చోవాలి" అన్నది మూడవది. నా దృష్టిలో విలువైనది ఈ మూడవదే. శబ్దం రుచికి సంబంధించినది. రేకు దళసరి మైక్రోమీటరుతో కొలిస్తే తేలిపోయే సంగతి. కొలిచి చెప్పినవారిని నేను చూడలేదు. మూడవ మాట మాత్రం అధికారం చేతులు మారిన కథ. ఒకనాడు బండి ఆరోగ్యం యజమాని చేతిలో ఉండేది. ఇప్పుడు కంపెనీ చేతిలోకి పోయింది.

పోయినందువల్ల కలిగిన ఫలితం రెండు విధాలు. 2021 మే నెలలో కంపెనీ 2,36,966 మోటారు సైకిళ్ళను వెనక్కు పిలిచింది. 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్ నడుమ తయారైన మీటియర్, క్లాసిక్, బుల్లెట్టు బండ్లలో ఇగ్నిషను కాయిలులో లోపం ఉండవచ్చునని, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చునని ప్రకటించింది. తమ లోపలి పరీక్షల్లోనే ఇది బయటపడిందని, నూటికి పది బండ్లకన్న తక్కువ వాటికే భాగం మార్చవలసి రావచ్చునని చెప్పింది. పాత పక్షంవారు ఇంకేముంది అన్నారు: "చూశారా? రెండు లక్షల బండ్లు ఒక్కసారిగా! మా కాలంలో విన్నామా?"

ఈ ప్రశ్నకు ఒక కుర్రవాడు చెప్పిన జవాబు నాకు గుర్తుండిపోయింది. "మీ కాలంలో కాయిలు కాలిపోతే మీరే కొనుక్కుని, మీరే మార్చుకుని, అది మీ ఖర్మ అనుకున్నారు గదా బాబాయిగారూ! పిలిచి ఉచితంగా మార్చమని అడగవచ్చునని మీకు ఎవరైనా చెప్పారా?" నిజమే. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది 1986లో. వాహన తయారీదారులు లోపమున్న బండ్లను స్వచ్ఛందంగా వెనక్కు పిలిచే పద్ధతిని ఏర్పరచుకున్నది 2012లో. అవసరమైతే ప్రభుత్వమే పిలిపించే అధికారం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చింది. వెనక్కు పిలవడమన్నది ఎరుగని కాలంలో లోపాలు లేవని కాదు; వాటిని లెక్కించిన వారు లేరు. ప్రతి లోపమూ ఎవరో ఒక యజమాని ఆదివారంలో, ఎవరో ఒక మెకానిక్కు షెడ్డులో చడీచప్పుడు లేకుండా కరిగిపోయింది. కంపెనీకి దక్కిన మంచిపేరులో ఎంత భాగం జీతం పుచ్చుకోని ఈ పనివారిదో ఎవరు చెప్పగలరు?

ఆ మెకానిక్కుల పరిస్థితి ఇప్పుడు ఇబ్బందికరంగా ఉన్నది. బుల్లెట్టు మేస్త్రీ అంటే ఒకప్పుడు వైద్యుడికున్నంత గౌరవం. వీధి మలుపులో బండి చప్పుడు వినగానే "ఎగ్జాస్టు టాపెటు వదులయింది" అని చెప్పగలవాడు. ఆటోనగర్‌లో అటువంటి ఒకాయన వద్దకు ఆ నోటు పుస్తకం పెద్దమనిషే నన్ను తీసుకుపోయారు. షెడ్డులో ఒక పక్క ఇనుప ఇంజను బండ్లు మూడు విప్పి ఉన్నాయి. మరొక పక్క కొత్త బండి; దాని వైరుకు చేతిలో ఇమిడే స్కానరు తగిలించి ఒక పిల్లవాడు తెర మీది అంకెలు చూస్తున్నాడు.

"ఈ డబ్బా చెప్పింది మార్చడమే సార్ ఇప్పుడు పని. తప్పు లేదు, బండ్లు తక్కువగానే వస్తున్నాయి. తక్కువగా వస్తే మా పొయ్యి ఎట్లా వెలుగుద్ది?" అన్నారు మేస్త్రీ నవ్వుతూ. కొత్త బండి మంచిదా, పాతదా అని అడిగాను. ఆయన తొందరపడలేదు. "మీకు ఆదివారం ఖాళీ ఉంటదా, ఉండదా? ముందు అది చెప్పండి" అన్నారు.

ఇంతకన్న తూకమైన మాట ఈ వాదనలో నేను వినలేదు. పాత బుల్లెట్టు చెడిపోదని చెప్పేవారిని నమ్మనక్కరలేదు. కొత్తది ఎందుకూ కొరగాదనేవారిని అసలే నమ్మనక్కరలేదు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ బండ్లు పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి, కొన్నవారందరూ వెర్రివారు కారు. అయితే అమ్మకాలు నాణ్యతకు రుజువు కావు. కొత్త ఇంజను నలభై ఏళ్ళు మన్నుతుందా లేదా అన్నది దానిలోని చిన్న కంప్యూటరు, సెన్సార్లు నలభై ఏళ్ళ తరువాత కూడా అంగట్లో దొరుకుతాయా లేదా అన్నదానిపై ఆధారపడి ఉన్నది. పిస్టనును ఏ లేతు మిషను వాడైనా చేసి ఇవ్వగలడు. చిప్పును చేసి ఇవ్వలేడు. నన్నడిగితే, ఇవాళ కంపెనీని నిలదీయవలసినది శబ్దాన్ని గురించి కాదు. ఈ విడిభాగాలను ఎన్నేళ్ళు అందిస్తారని.

ఇంతా విని కూడా పాత బుల్లెట్టే కావాలనుకునేవారికి ఆ మేస్త్రీ చెప్పిన జాగ్రత్తలు ఇవి. బండి చూడడానికి పొద్దున్నే, ముందుగా చెప్పకుండా వెళ్ళాలి. అమ్మేవాడు అప్పటికే ఇంజను వేడి చేసి ఉంచితే అనుమానించాలి. ఇంజను మీద, ఛాసిస్ మీద చెక్కిన నెంబర్లను రిజిస్ట్రేషను పుస్తకంతో ఒక్కొక్క అంకె సరిచూడాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను తిరిగి చేయించాలి గనుక, ఆ గడువు ఉన్నదా అని చూడాలి. కాస్త ఆయిలు మచ్చకు భయపడవద్దు. నీలిరంగు పొగకు భయపడాలి. సైలెన్సరు మార్చి ఉంటే పాతది అడిగి తీసుకోవాలి. అన్నిటికన్న ముందు, బండి స్టార్టు చేయమని అమ్మేవాడినే అడిగి, ఆమ్మీటరు ముల్లు వంక చూశాడా, చూడకుండానే తన్నాడా అన్నది గమనించాలి. చూడకుండా తన్నేవాడి దగ్గర ఆ బండి ఎట్లా బ్రతికిందో ఊహించుకుని బేరమాడమన్నారు.